కిలో పావు కంప్యూటరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు నా మంచం మీదే బోర్లా పడుకుని, ఫోనును వేలితో పైకీ కిందికీ తోసుకుంటూ, డిగ్రీ చదువుకు తనకు కావలసిన ల్యాప్‌టాప్‌ను ఎంచుకోవడం మొదలుపెట్టి, నేను వక్క కత్తిరించి నోట్లో వేసుకునేంతలో ఆ పని కాస్తా ముగించేసింది. ముగించాక ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగి, "అవ్వా, బరువు కిలో రెండు వందల గ్రాములంట, ఎక్కువంటావా?" అని అడిగింది. అంతే, నాకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వీ నవ్వీ వక్క గొంతుకడ్డం పడి పొలమారితే, పాపం ఆ పిల్ల హడలిపోయి నీళ్లు తెచ్చిచ్చింది. నీళ్లు తాగి, లేచి వంటింట్లోకి పోయి, గూట్లో గుడ్డ చుట్టి పెట్టుకున్న తూకపు రాళ్లలోంచి కిలో రాయి, రెండు వందల గ్రాముల రాయి తీసుకొచ్చి దాని రెండు అరచేతుల్లో పెట్టాను. కంప్యూటరు గురించి అడిగితే ఇనుపరాళ్లు ఇచ్చే అవ్వను చూసి అది ఏమనుకుందో గానీ, నాకు మాత్రం ఒళ్లంతా పదిహేనేళ్ల కిందటి హుషారు వచ్చేసింది. అట్లాంటి రాళ్లను భుజాన వేసుకుని ఆదోనికీ ఎమ్మిగనూరికీ మధ్య బస్సులో తిరిగిన మనిషిని నేను. కంప్యూటరు కొనడానికి అలా తిరిగానంటే మీరూ నవ్వుతారు, నవ్వండి. నా ఈడు వాళ్లయితే నవ్వాక మనసు మెత్తబడి తమ రోజులు కూడా తలుచుకుంటారని నా ఆశ.

అసలు సంగతి చెప్పాలంటే ఇంకా వెనక్కు పోవాలి. నేను పెళ్లయి ఆదోని వచ్చే నాటికే టైపు హయ్యరు పాసయి ఉన్నాను, షార్టుహ్యాండు కూడా వచ్చు. మా అత్తగారిది ధాన్యం అంగడి. కందులు, జొన్నలు, కొర్రలు, అన్నిటికంటే ముఖ్యంగా బుడ్డలు, అంటే మీరు వేరుశనగకాయలంటారే, అవి. అంగడి పైన మిద్దె మీద ఒక పొడుగాటి గది ఊరికే పడి ఉండేది. దాన్ని చూసి నా మనసులో మాట బయటపెడితే, మా మామగారు ఏ కళనున్నారో గానీ సరేనన్నారు. ఆ గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. కింద బుడ్డల మూటలు దించే హమాలీల కేకలు, పైన మిషన్ల టకటకలు, లైను చివర గంట టింగుమనడం, రెండూ కలిసి మా ఇంటికి అదో రకం సంగీతం. గుమస్తా ఉద్యోగాలకు పోవాలనే పిల్లలు, కోర్టులో కుదురుకోవాలనే కుర్రాళ్లు, పెళ్లి కుదిరేదాకా ఖాళీగా ఎందుకని వచ్చే ఆడపిల్లలు, ఎంతమంది నా చేతుల మీదుగా పోయారో.

కంప్యూటర్లు వచ్చాయి. మెట్లెక్కే పిల్లలు తగ్గారు, తగ్గి తగ్గి ఒకనాటికి ఎవరూ రాలేదు. దుమ్ము పట్టిన మిషన్లను ఎన్నాళ్లు చూస్తూ కూర్చుంటాం? పాత ఇనుము కొనే గుజిరీ అంగడి వాళ్లను పిలిపించాం. మా అంగడి కాటా మీదే వాటిని ఒక్కొక్కటిగా ఎక్కించి తూచారు. ఒక మిషను కాటా మీద పెట్టినప్పుడు దాని గంట దానంతటదే టింగుమంది చూడండి, నేను అక్కడ నిలబడలేక లోపలికి పోయి ఏడ్చాను. అక్షరాలు నేర్పిన మిషన్లను ఇనుము ధరకు తూచి ఇవ్వడమంటే, ఏమని చెప్పను.

ఆ తర్వాత నా చోటు మిద్దె మీద నుంచి కిందికి, అంగడి గల్లాపెట్టె పక్కకు వచ్చింది. మా ఆయన చెడ్డవారు కాదు, కోపిష్టి అసలే కాదు. కానీ ఆయనకో అలవాటుండేది. నేను చెప్పుల్లో కాలు పెట్టానో లేదో, కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే "యాడికి?" అనేవారు. కూరగాయలకు పోయినా యాడికి, గుడికి పోయినా యాడికి, పక్కింటికి పోయినా యాడికి. మిద్దె మీదకు పోయే రోజుల్లో ఆ ప్రశ్న లేదు, ఎందుకంటే మెట్ల మీద టకటకలే జవాబు చెప్పేవి. కింద కూర్చున్నాక మాత్రం ఆ 'యాడికి' నాకు రోజూ కాల్లో ముల్లులా గుచ్చుకునేది. నిజానికి నాకు పోవడానికి ఎక్కడా లేదు, అదీ నా బాధ.

వేళ్లు మాత్రం ఊరుకోవు కదా. ఊళ్లో ఒక డీటీపీ సెంటరులో కొన్నాళ్లు కూర్చుని కంప్యూటరు మీద తెలుగు టైపు చేయడం నేర్చుకున్నాను. నేర్చుకుని ఇంటికొచ్చి, కందులు ఏరుతూ చేటలోనే వేళ్లాడించేదాన్ని. అది చూసి మా అత్త, "అమ్మీ, నువ్వు కందులేరతాండావా, వీణ వాయిస్తాండావా?" అని ఎగతాళి చేసేది.

అట్లాంటి రోజుల్లో మా వదిన ఫోను చేసింది. వదినంటే మా ఆయనకు అక్క, ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడికి హెడ్మిస్ట్రెస్. గొంతు విప్పితే ప్రార్థనకు వరసలో నిలబడ్డ పిల్లలే కాదు, వీధిలో పోయే ఎద్దులు కూడా ఆగేవి. ఆమె కష్టమేమిటంటే ప్రశ్నపత్రాలు. అంతకు ముందు ఏడు లెక్కల పేపరు, టైపు చేయించడానికి బయటికి పంపిన పేపరు, పరీక్షకు ముందే పిల్లల చేతుల్లో తిరిగింది. బడిలో కంప్యూటరు ఉంది గానీ అది ఆఫీసు గదిలో, వచ్చేపోయే అందరి కళ్ల ముందూ ఉంటుంది, పైగా దాంట్లో తెలుగు లేదు. "మరదలా, నాకు నమ్మకమైన మనిషి కావాల. నువ్వే ఓ మిషను ఎత్తుకోని ఈడికి రా. నా గదిలో కూసోని టైపు సెయ్యి, తలుపు నేనేసుకుంటా. అరసంవత్సరం పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. నువ్వు రాగలిగితే మా పేపర్లే కాదు, గోనెగండ్ల, ఆస్పరి, హొళగుంద బడులోళ్లు కూడా నిన్నే పిలుస్తారు, నాది పూచీ," అంది. ఫోను పెట్టేశాక నా చెవిలో ఊళ్ల పేర్లే మోగుతున్నాయి. గోనెగండ్ల, ఆస్పరి, హొళగుంద! కాశీ, రామేశ్వరం అని చెప్పినా అంత సంతోషం వచ్చేది కాదు.

మా ఆయన కాదనలేదు. అక్క మాటంటే ఆయనకు గురి. కంప్యూటరు కొందామన్నారు. ఆ రోజు సాయంత్రమే ఇద్దరం బజారులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ల అంగడికి పోయాం. అక్కడ మొదలైంది చిక్కు.

అంగడి నడిపే భాయి మా ముందు రెండు పెట్టాడు. ఒకటి పెద్దది, పళ్లెమంత తెర, సీడీ ప్లేట్లు పెట్టడానికి అర, మూత తెరిస్తే పెళ్లిపీటంత ఉంది. రెండోది చేతిసంచిలో పట్టే చిన్నది. దాన్ని చూడగానే నా గుండె ఝల్లుమంది. అచ్చం మా ఇన్‌స్టిట్యూట్‌లోని మిషను ఒకటి చిన్నపిల్లయి మళ్లీ పుట్టినట్టుంది. "దీన్ని నెట్‌బుక్ అంటారమ్మా," అన్నాడు భాయి. "సూడ్డానికి చోటా, తూకం కిలో పావే, గానీ దమ్మున్న మాల్. ప్లేట్లు పెట్టేది ల్యాదు, పెద్ద పెద్ద పనులకు నిదానం. టైపు సేసుకుంటా ఊళ్లు తిరిగేదానికైతే ఇట్లాంటిది ఇంకోటి ల్యాదు. కరెంటు పోయినా పొద్దుగూకేదాకా పని సేస్తాది." ఉన్నదున్నట్టు చెప్పాడు, మంచిమనిషి.

మా ఆయన రెండింటినీ చెరో చేతిలోకీ తీసుకుని, అచ్చం మార్కెట్‌లో బుడ్డల మచ్చు చూసినట్టే ఎగరేసి చూశారు. బుడ్డల వ్యాపారంలో ఒక సూత్రం ఉంది. గింజ నిండిన కాయ బరువుంటుంది, లోపల గింజ లేని తాలుకాయ తేలిగ్గా ఉంటుంది. నలభై ఏళ్లుగా ఆయన చేతులు చేసిన పని అదే కదా. చిన్నదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి కూడా చూశారు, భాయి గుడ్లు తేలేశాడు. "ఇది తాలుకాయే. లోపల గింజ ల్యాదు. పెద్దదే తీసుకుందాం. గల్లాపెట్టె పక్కన పెట్టుకుంటే అంగడికీ పనికొస్తాది, నీకూ పనికొస్తాది. ఎమ్మిగనూరికి పోయేనాడు ఎత్తుకోని పోతావు," అని తేల్చేశారు.

ఆ 'గల్లాపెట్టె పక్కన' అన్న మాటకు నా ప్రాణం ఉసూరుమంది. అక్కడ ఒకసారి కూర్చున్నది మళ్లీ లేస్తుందా? నేను లేచానా? ఇవాళ బిల్లంటారు, రేపు లెక్కంటారు, నేను బయలుదేరే రోజునే దానికి అంగడిలో పని పడుతుంది. పెద్దదైతే అది అంగడిది, దాంతోపాటు నేనూ అంగడిదాన్నే. సంచిలో పట్టేదైతే అది నాది. ఇదంతా ఆయనకు ఎట్లా చెప్పేది? చెప్పినా ఏమంత తేడా అంటారు. అయినా చిన్నదాని మీద నాకే ఒక అనుమానం ఉండింది, దాని మీటలు సన్నం. భాయిని అడిగి ముందుకు లాక్కుని, కళ్లు మూసుకుని, పిల్లలకు మొదటి రోజు నేర్పే పాఠం కొట్టి చూశాను. మొదట నా వేళ్లు ఇరుకింట్లో తోడికోడళ్లలా ఒకదాన్నొకటి తోసుకున్నాయి. రెండోసారి సర్దుకున్నాయి. మూడోసారికి చూడాలి, టకటకా పరుగే! కళ్లు తెరిచేసరికి భాయి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన మాత్రం, "ఆలోచించి సెప్తాంలే అప్పా," అని నన్ను లేవదీశారు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా అత్త కనిపెట్టింది. ఆమె చదువుకోలేదు గానీ ముప్పై ఏళ్లు అంగడిలో కూర్చున్న మనిషి, కొడుకును కాచి వడపోసింది. సంగతంతా విని, "వాడితో వాదించొద్దమ్మీ. వాడు మాట నమ్మేటోడు కాదు, తూకం నమ్మేటోడు. ఆ పెద్దది ఎంత బరువంట?" అని అడిగింది. ఛార్జరూ అదీ కలిపి మూడు కిలోలని చెప్పాను. "మోసేటోళ్లకు తెలుస్తాది కావడి బరువు. పొద్దున వాడు మార్కెట్ యార్డుకు పోతానే రెండు కిలోల రాయి, కిలో రాయి సంచిలో ఏసుకోని ఎమ్మిగనూరికి పోయిరా. నాలుగు దినాలు తిరుగు. మోయగలిగితే పెద్దది కొను, మోయల్యాకపోతే నీ భుజమే వాడికి సాక్షి సెప్తాది," అంది. మా ఆయనకు చెప్పొద్దని నా నోటికి తాళం కూడా వేసింది. పొద్దున పూట అంగడిలో కూర్చునేది ఆమే, చిల్లర తూకాలు చూసేది ఆమే కాబట్టి, మధ్యాహ్నం ఆయన వచ్చేలోపల నేను రాళ్లు తెచ్చి పెట్టేస్తే కాకికి కూడా తెలియదు.

ఇక చూడండి నా వైభోగం! నల్లసంచిలో ఇనుపరాళ్లు, కళ్లద్దాలు, ఇస్త్రీ చీర, ఎమ్మిగనూరు బస్సు. పత్తి రోజులు. రోడ్డు పొడుగునా పత్తి ట్రాక్టర్లు పర్వతాల్లా ఊగుతూ పోతుంటే, వాటి నుంచి రాలిన దూది తుమ్మకంపల మీద తెల్లగా వేలాడుతూ, నాకు ఆ ముళ్లకంపలు కూడా ముత్యాలు పెట్టుకున్నట్టే కనిపించాయి. కిటికీ గాలికి జుట్టు రేగిపోతున్నా సర్దుకోలేదు. ఎన్నేళ్లయిందో ఒక్కదాన్నే ఒక ఊరికి పోయి. కానీ బస్టాండులో దిగి వదిన బడి దాకా నడిచేసరికి భుజం చచ్చిపోయింది. ఎడమ భుజానికి మార్చాను, మళ్లీ కుడికి మార్చాను, బడి గేటు దగ్గరికి వచ్చేసరికి సంచిని చంటిబిడ్డలా ఎత్తుకుని ఉన్నాను. వదిన రాళ్లు చూసి మొదట నోరు తెరిచింది, తర్వాత సంగతి విని కడుపు పట్టుకుని నవ్వింది.

తిరుగు బస్సులో కండక్టరు అందరి సామాన్లూ సర్దుతూ నా సంచిని కాలితో సీటు కిందికి తోయబోయాడు. ఖంగుమంది. వంగి ఎత్తి, ఆ బరువుకు అనుమానమొచ్చి, జిప్పు సందులోంచి తొంగి చూశాడు. "ఏందమ్మా, తూకపు రాళ్లు!" అన్నాడు. ఊరికే మోస్తున్నానప్పా అన్నాను, అంతకంటే ఏం చెప్పాలో తోచక. ఊరికే రాళ్లు మోసేవాళ్లు లోకంలో ఉంటారా? అతను నా కళ్లద్దాలూ చీరా సంచీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత అతని మాట తీరే మారిపోయింది. మరుసటి రోజు అదే బస్సు ఎక్కితే ముందు సీటులో కూర్చున్న ఒకాయన్ని లేపి, "అమ్మగారు కూసోండి," అన్నాడు. నా వయసుకు మర్యాద కాబోలనుకుని కూర్చున్నాను.

మూడోరోజు ఎమ్మిగనూరు కూరగాయల బజారులో ఇంకా వింత. నేను నడుస్తుంటే నా ముందర గుసగుసలు, తర్వాత తక్కెళ్లు సర్దుకుంటున్న చప్పుళ్లు. వదినింటికి ఓ అరకిలో వంకాయలు తీసుకుందామని ఒకామె దగ్గర ఆగితే, ఆమె తక్కెడ వంకాయల వైపు నేలకు ఆనేదాకా వేసి, పైన ఇంకో రెండు పెట్టి, "సరిపోయినాదా అమ్మా, ఇంకా ఏద్దునా?" అని చేతులు నలుపుకుంది. పక్కన టమాటాల ఆయన నేను అడగకుండానే తన రాళ్లు తిరగేసి అడుగున ఉండే సర్కారు ముద్ర చూపించాడు. ఈ ఊళ్లో ఇంత ధర్మం ఎప్పటినుంచి నడుస్తోందా అని ఆశ్చర్యపోయాను. తూకాలు తనిఖీ చేసే కొత్త ఆఫీసరమ్మ ఆదోని బస్సులో వచ్చి పోతోందని కండక్టరు బజారంతా చాటాడని నాకేం తెలుసు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ రోజు బజారంతా భుజాలు తడుముకుంది. నిజంగా నొప్పితో భుజం తడుముకున్నది నేనొక్కదాన్నే.

ఆ రోజే వదిన నన్ను అన్నం తినిపోమని పట్టుబట్టింది, నాకు ఆలస్యమైంది. సందు తిరిగేసరికి మా అంగడి షట్టరు సగానికి దించి ఉంది. వ్యాపారం జోరుగా సాగే వేళ! మా అత్త బయట ముక్కాలిపీట మీద కూర్చుని కాపలా కాస్తోంది, నన్ను చూసి కళ్లతో ఏదో సైగ చేసింది గానీ నాకు అర్థం కాలేదు. ఎవరికేమయిందోనని గబగబా వంగి లోపలికి దూరాను. లోపల మా ఆయన, మోకాళ్ల మీద, బుడ్డల మూటల సందుల్లో చెయ్యి పెట్టి దేవులాడుతున్నారు. చొక్కా అంతా దుమ్ము, మీసాల మీద బుడ్డ పొట్టు.

"వచ్చినావా! రెండు కిలోల రాయి, కిలో రాయి యాడ పోయినాయే? అమ్మనడిగితే నాకు తెల్దంటాది. ఆఫీసరమ్మ వస్తాందంట! ఎమ్మిగనూరు నుంచి మనకు తెలిసిన బుడ్డల సేటు ఫోను సేసినాడు. ఆడ అంగళ్లన్నీ సూసేసిందంట, ఈపొద్దో రేపో ఆదోని మీద పడ్తాదంట. ముద్ర ఏయించిన రాళ్లే కనపడకపోతే ఏం సూపియ్యాల నేను?"

నేను ఎవరా ఆఫీసరమ్మ అని అడిగాను.

"కొత్తామె. నల్లసంచి, కండ్లద్దాలు, ఇస్త్రీ సీర. ఒక్క మాట మాట్లాడదంట, సూపుతోనే సంపేస్తాదంట. సంచి నిండా రాళ్లంట!" అంటూ ఆయన తల ఎత్తారు. నా కళ్లద్దాలు చూశారు. చీర చూశారు. భుజాన నల్లసంచి చూశారు. నేను మెల్లగా జిప్పు తీసి, రెండు కిలోల రాయిని ఆయన ముందు నేల మీద పెట్టాను, దాని పక్కన కిలో రాయి పెట్టాను. షట్టరు అవతల నుంచి మా అత్త నవ్వు వినిపించింది, ముందు సన్నగా, తర్వాత పీట మీద నుంచి పడిపోతుందేమో అన్నంతగా. ఆయన రాళ్ల వైపూ నా వైపూ చూస్తూ అట్లాగే మూటకు ఆనుకుని కూలబడ్డారు.

అప్పుడు చెప్పాను. ఎందుకు మోశానో, గల్లాపెట్టె పక్కన పెడితే ఏమవుతుందో, టైపు మిషన్లు కాటా ఎక్కిన రోజు నుంచి నా లోపల ఏముందో, అంతా చెప్పేశాను. నవ్వుతోనే మొదలుపెట్టాను, మధ్యలో ఎక్కడో ఏడ్చాను. ఆయన నా భుజం మీద చీర కాస్త పక్కకు జరిపి చూశారు, సంచి పట్టీ ఒరుసుకుని ఎర్రగా కందిపోయి ఉంది. చాలాసేపు చూసి, "తెల్లారినాక పోయి ఆ తాలుకాయే తెచ్చుకుందాం పా. నువ్వు మళ్లా ఆ రాళ్లు ఎత్తుకోని బయల్దేరితే ఊళ్లో యాపారాలు మూసుకోవాల్సిందే," అన్నారు.

తెల్లారి కొనుక్కున్నాం. ఇంటికి రాగానే ఆయన చేసిన మొదటి పని, దాన్ని డబ్బాలోంచి తీసి మా తక్కెడలో పెట్టి తూచడం. కిలో పావు. భాయి చెప్పినదానికి చిన్నమెత్తు తేడా లేదు. "తూకంలో మోసం ల్యాదు," అని ఆయన తృప్తిగా తల ఊపితే, మా అత్త దానికి కుంకుమబొట్టు పెట్టి, పిట్ట కొంచెం కూత ఘనం అంది. నేను ఆ బొట్టు తుడవలేదు.

మొదటిరోజు వదిన గదిలో తలుపు వేసుకుని సాంఘికశాస్త్రం పేపరు కొడుతుంటే కరెంటు పోయింది. బడంతా గోల. ఫ్యాను ఆగింది, ఆఫీసులోని పెద్ద కంప్యూటరు కళ్లు మూసింది, గుమస్తా తల పట్టుకున్నాడు. నా ఒళ్లో తాలుకాయ మాత్రం దీపంలా వెలుగుతూనే ఉంది! పేపరు ముగించి, ఇంకో పేపరు కూడా ముగించాను. వదిన దాని మూత మీద చెయ్యి వేసి నిమిరింది, బిడ్డను నిమిరినట్టు.

ఆ తర్వాత ఏళ్లలో ఎక్కని బస్సు లేదు. గోనెగండ్లలో పరీక్షల వేళకు కూలిపనులకు పోయి వచ్చిన తల్లులు బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడి, నా సంచి వైపు చూసి, అందులో ఏముందో తెలిసినట్టు ఒకరినొకరు పొడుచుకునేవారు. ఆస్పరిలో ఎండకు సంచి కాలిపోతుంటే తడిగుడ్డ కప్పి తీసుకుపోయేదాన్ని. హొళగుందలో అయ్యవార్లు సగం కన్నడం, సగం తెలుగు, "బన్రీ అమ్మా, కూసోండి," అంటూ మజ్జిగ ఇచ్చేవారు. సంచి భుజాన వేసుకుని అంగడి దాటుతుంటే మా ఆయన మామూలుగానే "యాడికి?" అనేవారు. కానీ ఆ మాట రంగే మారిపోయింది. ముందు ఎవరైనా బేరగాళ్లుంటే మరీ గట్టిగా అడిగేవారు, నేను ఊరి పేరు చెప్పడం వాళ్లకు వినపడాలని. "హొళగుందకు" అంటే, వాళ్ల వైపు తిరిగి, "ఆడ బడులోళ్లు ఈమె ల్యాందే పరీక్షలే పెట్టరంట," అని ఓ పావు ఎక్కువ వేసి చెప్పేవారు. తూకంలో ఏనాడూ అట్లా వేయలేదు మహానుభావుడు.

ఇప్పుడు ఆయన లేరు, అత్తా లేదు. అంగడి మా అబ్బాయి చూస్తున్నాడు, తక్కెడ పోయి అంకెలు వెలిగే కాటా వచ్చింది. నా నెట్‌బుక్ ఊపిరి ఆగి చాన్నాళ్లయింది. పాతవి తీసుకునేవాళ్లు గడపలోకి వచ్చి అడిగితే, ఇనుముకైనా ప్లాస్టిక్‌కైనా దాన్ని తూకానికి ఇవ్వనని చెప్పాను. ఒకసారి ఇచ్చిన నొప్పి చాలు.

ఇదంతా విని మా మనవరాలు మంచం దిగింది. తన కాలేజీ సంచిలో కిలో రాయి, రెండు వందల గ్రాముల రాయి వేసుకుని, భుజాన తగిలించుకుని, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూసింది. "ఇంతేనా అవ్వా! అసలు తెలియడమే ల్యా!" అని నవ్వింది. తనకొక కంప్యూటరు కావాలంటే అది ఎవరిదని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎక్కడ పెట్టాలని ఎవరూ తేల్చలేదు. నాకది ఎంత సంతోషమో చెప్పలేను. నా హుషారు దానికీ అంటుకుందో ఏమో, "రా అవ్వా, మనిద్దరం బజారు దాకా పోయొద్దాం, ఎవరైనా నన్ను ఆఫీసరమ్మ అనుకుంటారేమో సూద్దాం," అంది. ఈ వయసులో నాకు మాత్రం సరదా ఉండదా? చెప్పులు వేసుకున్నాను. రాళ్లు ఖంగుఖంగుమంటుంటే ఇద్దరం అంగడి ముందు నుంచి నడిచాం. గల్లాపెట్టె దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మా అబ్బాయి కాటా అంకెలు చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. ఏమైంది అవ్వా, పద, అని పిల్ల చెయ్యి లాగింది. ఒకప్పుడు కాల్లో ముల్లులా గుచ్చుకున్న ఆ ఒక్క మాట కోసం ఇంకో నిమిషం నిలబడి చూశాను. యాడికని ఎవరూ అడగలేదు.